ఆ వంకలో దిగొద్దు

“పక్క మంచం ఆయప్పకు మన కొండ సంగతి చెప్పినా మే. వంకెంబడి నిన్ను దించుకొచ్చినా అని చెప్పినా.”

“చెప్పుకో పో. నేనేమన్నా అడ్డమొస్తినా?”

నా మొగుడూ నేనూ మాట్లాడుకున్న ఆఖరు మాటలు ఇవే. అనంతపురం పెద్దాసుపత్రిలో, పొద్దున్నే. నేను టీ తేవడానికి కిందికి దిగాను. రెండు గ్లాసులు పట్టుకొని మెట్లెక్కి వచ్చేసరికి మంచం చుట్టూ మనుషులున్నారు. టీ అట్లే కిటికీలో పెట్టాను. ఇప్పటికి పది నెలలైంది.

ఆయన చెప్పింది అబద్ధం. నన్నెవరూ దించుకురాలేదు. ఆ వంకెంబడి కిందికంటా దిగనే లేదు మేము. దిగి ఉంటే ఇద్దరం ఆ రోజే పోయేవాళ్ళం. అయినా ఊళ్ళో కనబడిన వాళ్ళందరికీ ఆయన అట్లాగే చెప్పుకున్నాడు, నేను ఊరుకున్నాను. మొగోడు, చెప్పుకుంటే ఏం పోతుంది అనుకున్నాను. ఏడేళ్లు ఏమీ పోలేదు.

ఇప్పుడు పోయేట్టుంది. మాకున్నది ఒక్కతే కూతురు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పని చేస్తుంది. మొన్న ఆదివారం ఫోన్ చేసి, నాయన సంవత్సరీకం లోపల తానూ అల్లుడూ ఆ కొండ దాటి సుబ్బరాయునికి దండం పెట్టుకొని వస్తామంది. మంచిదే, దారి బాగా అడిగి తెలుసుకోండి అన్నాను. అడిగేదేముంది, దిగేటప్పుడు వంక పట్టుకుంటే సులువని నాయన చెప్పాడు కదా అంది. వద్దే, ఆ వంక మంచిది కాదు అని నేను మొదలుపెట్టేసరికి దానికి కోపం వచ్చింది.

“ఉన్నన్నాళ్ళూ నాయన మాటకు అడ్డం చెప్తివి. పోయినాక కూడానా మా?”

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

అందుకే మా అన్న కూతుర్ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాను. ఇది డిగ్రీ చదివింది. నాకు నా పేరు రాయడం మటుకు వచ్చు, అది కూడా పెద్ద పెద్ద అక్షరాలతో. నేను చెబుతాను, నువ్వు పుస్తకాల్లో ఉండే తెలుగులో రాయి, మేము అనుకున్న మాటలు మటుకు అనుకున్నట్టే రాయి అన్నాను. నా కూతురు చదవాలి. ఇంకెవరు చదివినా నాకు సిగ్గు లేదు.

ఆ ఏడు వేరుశనగ వేసిన నెలకే వాన ఎత్తుకుపోయింది. చెట్టు పూసింది కానీ కాయ పట్టే ఊడ నేలలోకి దిగలేదు. నేల గట్టిపడితే ఊడ యాడికి దిగుతుంది? పీకి ఎనుములకు వేశాం. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి కన్నడ దేశంలో కాఫీ తోటలకు మనుషులు కావాలన్నాడు. ఇద్దరం లారీ ఎక్కాం. అక్కడ లైను ఇళ్ళలో ఒక గది ఇచ్చారు. పొద్దస్తమానం ఎర్రబారిన కాయలు కోసి సంచులు నింపడమే పని. ఆ గది వాకిట్లో నిలబడితే ఎదురుగా ఆ కొండ. సగం రోజులు మబ్బులోనే ఉండేది.

మా కూతురికి రెండు కాన్పులు నిలవలేదని నీకు తెలుసు, చదివే వాళ్ళ కోసం చెబుతున్నాను. మూడోసారి నిలిచింది. మేము తోటలో ఉండగానే ఆడపిల్ల పుట్టిందని ఫోన్ వచ్చింది. ఆ రోజు నా మొగుడు కాయలు కోయడం ఆపి చెట్టు కింద కూర్చున్నాడు. అప్పుడు బయటపెట్టాడు. చాలా ఏళ్ల కిందట మా చేలో పామున్న పుట్టను పారతో తవ్వి చదును చేశాడంట. కూతురి కడుపు నిలవకపోవడం దానివల్లేనని లోపల లోపల భయపడుతూనే ఉన్నాడంట. బిడ్డ నిలిస్తే చెప్పులు లేకుండా నడిచి సుబ్బరాయుని గుడికి వస్తానని మొక్కుకున్నాడంట. గుడి ఆ కొండకు అవతల పక్క ఉంది. బస్సులో పోతే చుట్టు తిరిగి పోవాలి. కొండ మీదుగా అయితే ఒక పగలు.

“నడిచే పోవాల మే. మొక్కు మొక్కే.”

ఆయనకు అప్పటికే ఎక్కువ దూరం నడిస్తే ఆయాసం. ఒక్కణ్ణి పంపడానికి నాకు మనసొప్పలేదు. నేనూ వస్తానన్నాను. నువ్వు ఎక్కలేవన్నాడు. పెళ్ళయిన కొత్తలో గుత్తి కోట ఎక్కిన దాన్ని, నీకంటే ముందర ఎక్కిన దాన్ని అన్నాను.

తోటలో ఒక కన్నడ ముసలాయన దారి చెప్పాడు. తెల్లవారేసరికి ఇవతలి గేటు దగ్గర ఉండాలి, మధ్యాహ్నానికి నెత్తికెక్కాలి, చీకటి పడే లోపల అవతలి గేటు దాటాలి. లోపల చీకటి పడితే ఏనుగులు తిరుగుతాయి. గేటు దగ్గర ఫారెస్టు మనిషి మా పేర్లు రాసుకున్నాడు. నా పేరు నేనే రాశాను. మా సంచిలో సంగటి ముద్దలు, ఊరుబిండి, దేవునికి పసుపు కుంకుమ. నా రొండిలో ఆకువక్క సంచి. అదీ కాక అయిదు లీటర్ల క్యాను నిండా నీళ్ళు. ఫారెస్టు మనిషి క్యాను చూసి నవ్వాడు. లోపల అడుగడుక్కీ నీళ్ళే, ఎందుకమ్మా మోసుకుపోతావు అన్నాడు. మా ఊళ్ళో నీళ్ళు లేకుండా చేనుకు కూడా పోము. పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు.

అడివి అంటే నేను అనుకున్నది వేరే. మా పక్క అడివి అంటే తుమ్మ చెట్లు, రాళ్ళు, బోద గడ్డి. ఎంత దూరాన గొర్రె ఉన్నా కనబడుతుంది. అక్కడ పది అడుగుల అవతల ఏముందో తెలియదు. చెట్ల మొదళ్ళు కొట్టం గోడల్లాగా అటూ ఇటూ నిలబడి ఉన్నాయి. ఒక చెట్టు మీద ఇంకో చెట్టు, దాని మీద తీగ, తీగ మీద నాచు. మట్టి కనబడదు, కుళ్ళిన ఆకే నేల. కాలు పెడితే లోపలికి పోతుంది. తలెత్తితే ఆకాశం లేదు. కిటికీలు లేని ఇంట్లో నడిచినట్టు ఉంది. ఎండ లేదు కదా, చల్లగా ఉంటుందనుకుంటే అదీ లేదు. గాలి కదలక రవిక వీపుకు అతుక్కుపోయింది. కీచురాళ్ళ మోత చెవుల్లో సూది గుచ్చినట్టు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది నీడ లేకపోవడం. మేము నీడ చూసి పొద్దు చెప్పే వాళ్ళం. నా నీడ నా కాళ్ళ కిందికి వస్తే అన్నం వేళ. అక్కడ నాకు నీడే లేదు. ఎంత పొద్దయిందో తెలియదు, ఎంత ఎక్కామో తెలియదు, ఎంత మిగిలిందో తెలియదు. గుత్తి కోట అయితే తిరిగి చూస్తే ఊరు చిన్నదైపోతుంటుంది, ధైర్యం వస్తుంది.

జలగలు మొదలయ్యాయి. ఆకుల మీద నిలబడి ఊగుతుంటాయి, కాలు పెడితే ఎక్కుతాయి. ఆయన ఒట్టి కాళ్ళు కదా, వేళ్ళ సందుల్లో దూరాయి. నా ఆకువక్క సంచిలో సున్నం డబ్బా ఉంది. ఒక చుక్క పెడితే ముడుచుకొని రాలిపోతాయి. పెట్టిన వేలిని పక్కనున్న చెట్టుకు రాస్తాను. సున్నం వేలు ఏదో ఒక దానికి రాయడం నా చిన్నప్పటి నుంచి అలవాటు. ఇంట్లో వాకిలి గడపకు, గుంజకు, ఎక్కడ నిలబడి ఆకు వేసుకుంటే అక్కడ. ఇల్లంతా కాకి రెట్ట చేసినావు అని ఆయన ఎప్పుడూ తిట్టేవాడు. ఆ రోజు కూడా తిట్టాడు.

“దేవుని కొండ మే ఇది. ఈడ కూడానా?”

నెత్తికి చేరేసరికి చెట్లు అయిపోయి గడ్డి, బండలు వచ్చాయి. బండ మీద కాలు పెట్టగానే మా ఊరికి వచ్చినట్టు అయింది. ఎండ తగిలింది. నీడ చూసుకున్నాను, అన్నం వేళ దాటి చాలా సేపయింది. ఆయన మొగం పాలిపోయి ఉంది కానీ నవ్వుతున్నాడు. రాతికి పసుపు కుంకుమ పెట్టి, సంగటి తిన్నాం. తింటూ ఆయన కిందికి చెయ్యి చూపించి, ఈడ కారే నీళ్ళల్లో పావలా వంతు మన వంకలో పారితే నేను కాఫీ కాయలు కోసేదానికి వచ్చిందునా అన్నాడు. లేచేసరికి మంచు పొగలాగా కప్పుకొచ్చింది.

దిగడం మొదలుపెట్టాక కొంత సేపటికి పెద్ద చెట్టొకటి కూలి దారికి అడ్డంగా పడి ఉంది. మనిషి ఎత్తు మాను. కొమ్మలు ఎక్కి అవతలికి దిగితే దారి లేదు. అటు చూశాం, ఇటు చూశాం. చెట్టు కింద వాలుగా ఒక వంక కనబడింది. రాళ్ళు, మధ్యలో చీలమండల దాకా నీళ్ళు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడ కొంచెం నిదానంగా రాయి. మా సీమలో వంక అంటే దారి. ఏడాదిలో నాలుగు రోజులు నీళ్ళు పారతాయో పారవో, మిగిలిన దినాలు ఇసుక. చేనుకు పోయేది వంకలోనే, సంతకు పోయేది వంకలోనే. బండ్లు, ఇప్పుడు ఆటోలు, ట్రాక్టర్లు అన్నీ వంకలోనే. చీకట్లో దారి తప్పితే వంకలోకి దిగమని పిల్లలకు చెబుతాం. అది ఎప్పటికైనా చెరువు దగ్గరికి తీసుకుపోతుంది, చెరువుంటే ఊరుంటుంది. మా నాయన నాకు చెప్పాడు, నేను నా కూతురికి చెప్పాను. ఆయన ఆ వంకను చూసి అదే అన్నాడు.

“వంకను పట్టుకుంటే చెరువు, చెరువును పట్టుకుంటే ఊరు. దిగు మే.”

నాకూ అది తప్పనిపించలేదు. ఇది రాయాల్సిందే. మొదట నేను కూడా సంతోషంగానే దిగాను.

కొంత దూరం బాగానే ఉంది. తర్వాత పక్క నుంచి ఇంకో వంక వచ్చి కలిసింది. అక్కడ ఆయన కాళ్ళకు జలగలు తీసి సున్నం పెట్టాను. ఇంకా దిగేటప్పుడు ఆయన ఒక చోట జారి నడుం మీద పడి, చాలా దూరం కూర్చునే జరుగుతూ దిగాడు. ఆ కింద మరొక వంక కలిసింది. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. రాళ్ళు సబ్బు పూసినట్టు ఉన్నాయి. నా చెప్పులు చేతిలోకి తీసుకున్నాను. ఆయన ఒక చోట జారి నడుం మీద పడి, చాలా దూరం కూర్చునే జరుగుతూ దిగాడు. రెండు పక్కలా గట్లు ఎత్తుగా అయిపోయాయి, బయటికి ఎక్కే తావే లేదు. అప్పుడు ముందర నుంచి ఒక మోత వినిపించింది.

రోడ్డు అన్నాడు ఆయన. లారీలు పోతున్నాయి, ఇంక వచ్చేశాం అన్నాడు.

నేను నిలబడి విన్నాను. లారీ అయితే వచ్చేదీ తెలుస్తుంది, పోయేదీ తెలుస్తుంది. ఈ మోత పెరగదు, తగ్గదు. ఇట్లాంటిది నేను ఒక్కసారి విన్నాను. నా చిన్నప్పుడు ఒక ఏడు మా చెరువు నిండి మరవ పారింది. నిండిన చెరువులో మిగిలిన నీళ్ళు కట్ట చివర గోడ మీద నుంచి అవతలికి దూకడమే మరవ. ఊరంతా చూడ్డానికి పోయాం. మా అమ్మ నన్ను దగ్గరికి పోనీయకుండా జడ పట్టుకుంది. ఆ మోతే ఇది.

“అది రోడ్డు కాదప్పా. నీళ్ళు దుంకుతాండాయి ఆడ.”

“నీకేం తెలుసు? నడువు.”

నేను ఒక బండ మీద క్యాను పెట్టి దాని పక్కన కూర్చున్నాను.

“నేను రాను.”

“రాకుంటే ఈన్నే పడుండు. ఏనుగులు తొక్కుతాయి.”

“తొక్కనీ.”

“మొగుడు పొయ్యే దావ కాక నీకింకో దావ ఉండాదా?”

“ఉండాది. మీదికి ఉండాది.”

చెయ్యెత్తాడు. కొట్టని మనిషి కాదు ఆయన, ఇది నా కూతురికి తెలుసు. కానీ ఆ రాళ్ళ మీద నిలబడి చెయ్యెత్తితే తానే పడతాడు. దించేశాడు. పెళ్ళయి అన్నేళ్ళలో ఆయన పొమ్మన్న చోటికి నేను పోకపోవడం అదే మొదలు. ఆయనకు ఏం చెయ్యాలో తెలియలేదు. తిరిగి ఒక్కడే దిగిపోయాడు. పెద్ద బండ ఒకటి ఉంది, దాని వెనక తలపాగా కనబడకుండా పోయింది.

నేను లేచి వెంట పోవాలా, కూర్చోవాలా? పోతే ఇద్దరం. కూర్చుంటే, ఆయన రాకపోతే, ఏం చెప్పాలి కూతురికి? నీ నాయన పోతాంటే నేను కూర్చున్నా అని చెప్పాలా? లేవలేదు నేను. ఎంత సేపో తెలియదు, నీడ లేదని చెప్పాను కదా.

ఆయన తిరిగొచ్చాడు. నడిచి కాదు, నాలుగు కాళ్ళ మీద పాకుతూ వచ్చాడు. నా బండ దగ్గరికి వచ్చి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఆడ నేల లేదు మే.”

అంతే అన్నాడు. ఏం చూశాడో ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఊపిరి ఈలలాగా వస్తోంది. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, నీళ్ళియ్యి అన్నాడు. క్యాను మూత తీసి ఇచ్చాను. మిగిలిన నీళ్ళలో సగం తాగాడు. కొంచెం ఊపిరి తిరిగాక, నాకు దావ తెలీదు, నువ్వు పో, నేను వస్తా అన్నాడు.

ఎక్కడం మొదలుపెట్టాం. వంకలో దిగడం సులువు, ఎక్కడం కాదు. దిగేటప్పుడు రెండు వంకలు వచ్చి కలుస్తాయి, మనకు ఏమీ అనిపించదు. ఎక్కేటప్పుడు ఒకటి రెండుగా చీలుతుంది. మనం ఏ దాంట్లో నుంచి వచ్చామో రాతికి తెలియదు, నీళ్ళకు తెలియదు. మొదటి చీలిక దగ్గర ఆయన్ను కూర్చోబెట్టి కుడి పక్కకు ఎక్కి చూశాను. ఏమీ గుర్తు పట్టలేకపోయాను. తిరిగొచ్చి ఎడమ పక్కకు పోతే, ఆయన కూర్చొని జరిగిన చోట రాళ్ళ మీద నాచు చీరుకుపోయి ఉంది. అటే ఎక్కాం. రెండో చీలిక దగ్గర ఒక చెట్టు మొదలు మీద తెల్లగా నా వేలి గుర్తు ఉంది, సున్నం. నేను చెయ్యి చూపించాను. ఆయన చూశాడు. కాకి రెట్ట అనలేదు.

జారుడు బండలు వచ్చిన చోట నా కొంగు వెనక్కి ఇచ్చాను. పట్టుకున్నాడు. రెండుసార్లు కూర్చుండిపోయాడు, నువ్వు పోయి ఎవరినన్నా పిలుచుకురా అన్నాడు. పిలవడానికి అక్కడ ఎవరున్నారు? లేపాను. గొర్రెను అదిలించినట్టు అదిలించి లేపాను. ఏమేమి అన్నానో అవి రాయొద్దు.

కూలిన చెట్టు దగ్గరికి చేరాక తెలిసింది. దారి ఎక్కడికీ పోలేదు. చెట్టు వేళ్ళతో సహా పెళ్ళగిలింది కదా, ఆ వేళ్ళ గుంత చుట్టూ మళ్ళి అవతల మళ్ళీ కలుస్తోంది. మేము కొమ్మల పక్క ఎక్కి దిగడం వల్ల కనబడలేదు. వేళ్ళ పక్క నాలుగు అడుగులు వేసి ఉంటే ఈ కథే లేదు.

అవతలి గేటు చేరేసరికి మొగాలు మసకగా కనబడుతున్నాయి. అక్కడి ఫారెస్టు మనిషి టార్చి పట్టుకొని దారి మీదికే వచ్చి ఉన్నాడు. కన్నడంలో ఇద్దరినీ తిట్టాడు. ఇంత ఆలస్యం ఎందుకయింది అని అడిగితే నా మొగుడు నా వైపు చూడకుండా జవాబు చెప్పాడు.

“ఈమె కాలు జారింది సామీ. పట్టుకొని దించుకొచ్చేసరికి ఇంతసేపయింది.”

అక్కడ పుట్టింది ఆ కథ. మరుసటి రోజు గుడిలో దండం పెట్టుకున్నాం, బస్సులో తోటకు తిరిగి పోయాం. మేస్త్రీతో చెప్పేటప్పటికి వంక కూడా వచ్చి చేరింది. వంక పట్టుకొని సులువుగా దించాను అన్నాడు. ఊరికి వచ్చేటప్పటికి ఇంకా పెరిగింది. నేను పక్కనే కూర్చొని విన్నాను. ఆయన నా కొంగు పట్టుకొని నా వెనకాల ఎక్కిన మనిషి. అది నాకు తెలుసు, ఆయనకు తెలుసు. బయట ఎట్లా చెప్పుకుంటే ఏమని అనిపించింది. అది నా తప్పు. మొగుని మర్యాద అనుకున్నాను కానీ, ఆ కథ విని రేపు ఇంకొకరు నడుస్తారని అనుకోలేదు.

ఇంక నా కూతురికి చెప్పేది రాయి. కొండకు పోవద్దని నేను అనడం లేదు. పో. మీ నాయన పేరు మీద పో, మంచిదే. ఆ కూలిన చెట్టు ఇప్పుడుందో, కుళ్ళిపోయిందో తెలియదు. యాడ దారి కనబడకపోయినా ముందుకు పోవద్దు. కనబడిన చోటికి వెనక్కి రండి. గేటు దగ్గర దారి తెలిసిన మనిషిని వెంట పెట్టుకోండి. వంక ఎంత చిన్నదైనా, చీలమండ దాకా నీళ్ళే ఉన్నా దాంట్లో దిగొద్దు. మన వంక వేరే, ఆ వంక వేరే. మీ నాయన అబద్ధాలకోరు కాదు. నేల లేని చోటికి పోయి తిరిగొచ్చి, పెండ్లాం ముందర తప్పు ఒప్పుకున్నాడు. ఆ ఒక్కటి బయట చెప్పుకోలేకపోయాడు.

అయింది. ఇప్పుడు నువ్వు ఇది మొదటి నుంచి నాకు చదివి వినిపించు అమ్మీ. గబగబా వద్దు. వంక దగ్గరికి వచ్చినప్పుడు ఇంకా నిదానంగా చదువు. నా కూతురి చెవులతో వింటాను నేను. నాయన మీద కోపంతో చెబుతోంది అమ్మ అని దానికి అనిపించే మాట ఎక్కడన్నా ఉంటే ఆపుతాను, ఆడ మార్చి రాద్దాం. అప్పుడు ఫోన్లో పంపుదువుగాని. చదువు.